బ్యాండు ముందుకు, పెళ్లికొడుకు వెనక్కి

నూరుల్లా మేస్త్రీకి తెలియని జీపు రోగం లేదు. ఈ మాట అన్నది ఊరు కాదు, నూరుల్లా మేస్త్రీయే. అయినా కాదన్నవాళ్లు పెద్దగా లేరు. చక్కెర ఫ్యాక్టరీ సైరను విని బోధన్ అంతా గడియారాలు సరిచేసుకునే ఆ రోజుల్లో, జీపు మొరాయిస్తే రాకాసిపేట దాటాక ఉన్న ఆయన రేకుల షెడ్డు తప్ప వేరే దిక్కు లేదు మరి.

బండి తెచ్చినవాడు ఆయన ముందు నోరు తెరవకూడదు. "మేస్త్రీ, మొన్నటి సంది ఏమైతున్నదంటే..." అని మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "నువ్వు చెప్పకు భాయ్. బండి చెప్తది." పొడుగాటి స్క్రూడ్రైవరు మొన గేరుబాక్సు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఆ సమయంలో షెడ్డులో ఎవరూ దగ్గకూడదు. పక్కనే పకోడీలు వేయించేవాడు కూడా జల్లిగంటె చప్పుడు కాకుండా దించాలి. కాసేపటికి కళ్లు తెరిచి తీర్పు చెప్పేవాడు.

చాలాసార్లు ఆ తీర్పు నిజమయ్యేది, అది ఒప్పుకోవాలి. నిజం కానప్పుడు తప్పు రోడ్డుది, లేకపోతే ఆయిలుది, లేకపోతే నిజామాబాద్ నుంచి తెచ్చిన సామానుది. ఇవేవీ కుదరకపోతే డ్రైవరు కాలిది. ఆ వరసలో ఆయన పేరు మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఇంట్లో కథ వేరు. భార్య వాజిదాకు ఏ బండి రోగమూ తెలియదు కానీ నూరుల్లా రోగాలన్నీ తెలుసు. వాళ్లింట్లో మాటలు ఉర్దూలో నడిచేవి, కొట్లాటలు తెలుగులో. న్యాయం తన వైపే ఉందని గోడవతల బీడీలు చుట్టుకుంటున్న గంగమణికి కూడా తెలియాలని వాజిదా కోరిక. గంగమణి కూడా ఆ వేళకు కత్తెర ఆపి చెవి ఇటు పెట్టేది.

నూరుల్లా మీద వాజిదాకు ఉన్న పెద్ద ఫిర్యాదు ఆయన ధర్మగుణం. ఇంట్లో వస్తువు కంటికి కనపడితే స్నేహితుడికి ఇచ్చేసేవాడు. కొడుకు అయ్యూబ్ గొడుగు అలాగే పోయింది. నీళ్లు తోడే బకెట్టు పోయింది. ఒక చలికాలం బొంత కూడా పోయింది. అది మామూలు బొంత కాదు. వాజిదా తన తండ్రి పాత షేర్వాణీ, తల్లి ఓణీలు, అయ్యూబ్ చిన్నప్పటి చొక్కాలు పొరలు పొరలుగా పేర్చి, ఒక ఎండాకాలమంతా కూర్చుని కుట్టిన దళసరి బొంత. అది ఏమైందని అడిగితే, దర్గా దగ్గర చలికి వణుకుతున్న ఒక ముసలాయనకు కప్పి వచ్చానని నూరుల్లా చెప్పాడు. వాజిదా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బొంత పోయిందని కాదు, తన మొగుడిలో ఇంత దయ ఉందని. వారం తిరగకముందే ఆ దయ సంగతి వీధి వీధంతా తెలిసింది.

నిజానికి ఆ బొంత రాజమల్లు జీపులో ఉంది.

రాజమల్లు ఎడపల్లివాడు. మిలిటరీవాళ్లు వేలంలో అమ్మిన పాత జీపు ఒకటి కొని, చెరుకు సీజనులో మోస్రా, వర్ని వైపు మనుషుల్ని ఎక్కించుకుని తిరిగేవాడు. పెళ్లిళ్ల సీజనులో మాత్రం ఆ జీపు అంతస్తే వేరు. బోధన్ చుట్టుపక్కల ఏ కులపు పెళ్లయినా, ఏ మతపు పెళ్లయినా, పెళ్లికొడుకు రాజమల్లు జీపు ఎక్కాల్సిందే. దానికి కారణం చిన్న గేరు. మామూలు గేరుబాక్సు వెనక ఆ జీపుకు ఇంకో డబ్బా ఉండేది, దాన్నే ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. నాలుగు చక్రాలకూ బలం పంచేది అదే. దాని కడ్డీని చిన్న గేరులో వేస్తే జీపు ఏనుగు బలంతో, చీమ నడకతో కదిలేది. మిలిటరీవాళ్లు దాన్ని బురదల కోసం, కొండల కోసం పెట్టుకున్నారు. రాజమల్లు దాన్ని బ్యాండు కోసం వాడాడు. బ్యాండువాళ్లు ఎంత నెమ్మదిగా నడిస్తే జీపు అంత నెమ్మదిగా నడిచేది. క్లచ్చు కాలేది కాదు, కుదుపు ఉండేది కాదు, ముందు ఆడేవాళ్ల మడమ కూడా ఎన్నడూ తొక్కలేదు.

ఒకటే లోపం. పాత జీపు కదా, కింద రేకు సందుల్లోంచి వేడి గాలి, ఆయిలు వాసన వచ్చి పెళ్లికొడుకుల తెల్లబట్టలకు పట్టేవి. "భాయ్, పిల్లగాడు అత్తరు పూసుకొని ఎక్కుతుండు, దిగెటాల్లకు గ్రీజు వాసనొస్తుండు" అని రాజమల్లు మొత్తుకుంటే, నూరుల్లా ధర్మగుణం పొంగింది. ఇంట్లోంచి బొంత తెచ్చి, కడ్డీలు పైకి రావడానికి కత్తెరతో చిల్లులు చేసి, జీపులో చక్కగా పరిచేశాడు. వేడి ఆగింది, వాసన ఆగింది. రాజమల్లు చేతులెత్తి దండం పెట్టాడు.

ఆ మరుసటి పెళ్లిలోనే జీపుకు రోగం మొదలైంది.

ఎడపల్లి దగ్గర నిజాంసాగర్ కాలువ కట్ట ఎక్కుతుంటే, బరాత్ ఊరేగింపు సగం ఎక్కుడులో ఉండగా, ఖట్‌మని చప్పుడైంది. చిన్న గేరు దానంతటదే జారిపోయింది. ఇంజను గొంతు చించుకుని అరిచింది, చక్రాలకు మాత్రం ఆ సంగతి తెలియలేదు. బ్యాండు మాస్టరు నర్సింలు వెనక్కి చూసే అలవాటు లేనివాడు, వాయిస్తూ ముందుకు పోయాడు. జీపు పెళ్లికొడుకుతో సహా నెమ్మదిగా వెనక్కి దిగడం మొదలుపెట్టింది. వెనక నడుస్తున్న ఆడవాళ్లు కంచాలతో సహా అటూ ఇటూ ఉరికారు. రాజమల్లు బ్రేకు మీద నిలబడ్డంత పని చేసి ఆపేసరికి జీపు కట్ట కింద ఉంది, బ్యాండు కట్ట మీద ఉంది. "పోరనికి ఇష్టం లేనట్టుందే" అని ఎవరో అన్న మాట పెళ్లికూతురు ఇంటికి జీపు కంటే ముందు చేరింది.

నూరుల్లా షెడ్డులో బొంత తీసి, మడతపెట్టి పక్కన ఉంచి, కింద రేకు విప్పి, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నాడు. కడ్డీని గేరులో పట్టి ఉంచే స్టీలు గోలీ వెనక స్ప్రింగు మెత్తబడిందని తీర్పు చెప్పాడు. స్ప్రింగు మార్చాడు. చెరుకు కట్టలు నింపి అదే కట్ట ఎక్కించి చూశాడు. గేరు కదల్లేదు. రాజమల్లు సంతోషంగా బొంత పరుచుకుని పెళ్లికి పోయాడు. గేరు జారింది.

ఈసారి తీర్పు మారింది, డబ్బాలో గేర్లను జరిపే ఫోర్కు అరిగిందట. మళ్లీ బొంత తీసి, డబ్బా దింపి, ఫోర్కు మార్చాడు. ఒట్టి జీపు కట్టను పొట్టేలులా ఎక్కింది. పెళ్లిలో జారింది. ఆ తర్వాత గేరు పళ్లు అరిగాయన్నాడు, ఆ తర్వాత డబ్బాను పట్టి ఉంచే రబ్బర్లు వదులయ్యాయన్నాడు. ప్రతిసారీ షెడ్డులో బాగుండేది, పెళ్లిలో చెడిపోయేది. చెప్పడానికి డబ్బాలో ఇంకేమీ మిగలలేదు. అప్పుడు నూరుల్లా తన వరసలో చివరి పేరు తీశాడు.

"బండిల ఏం లేదు. రాజమల్లు కాలే మంచిగ లేదు. ఎక్కుడు మీద ఎక్సిలేటర్ వదిలిపెడుతుండు" అన్నాడు పకోడీల బండి దగ్గర, పదిమంది వింటుండగా.

రాజమల్లు అక్కడే ఉన్నాడు. పకోడీ చేతిలోనే ఉండిపోయింది. "ఇన్నేండ్ల సంది నడుపుతున్న. నా కాలేం జేసింది భాయ్?" అన్నాడు. నూరుల్లా ఇంకో పకోడీ తీసుకున్నాడు.

ఆ మాట ఊరంతా పాకింది. జనం రాజమల్లును పెళ్లిళ్లకు పిలవడం తగ్గించారు. పిలిచినవాళ్లు కూడా జీపు వెనక నడవడానికి ఒక మనిషిని పెట్టారు. వాడి పని ఒక్కటే, చేతిలో పెద్ద రాయి పట్టుకుని నడిచి, జీపు వెనక్కి వస్తే చక్రం కింద పెట్టడం. ముందు బ్యాండు, మధ్య పెళ్లికొడుకు, వెనక రాయి. తాను బాగుచేసిన బండి వెనక రాయి నడవడం చూసినప్పుడల్లా నూరుల్లాకు తనను ఎవరో చెంప మీద కొట్టినట్టుండేది.

సరిగ్గా అప్పుడే అయ్యూబ్‌కు ఎడపల్లి సంబంధం కుదిరింది. పిల్ల పేరు బిల్కిస్. వాళ్లిల్లు ఆ కాలువ కట్టకు అవతల.

"పిల్లగాడు గుర్రం మీద పోతడు" అంది వాజిదా, గంగమణికి వినపడేలా.

"జీపు మీద పోతడు" అన్నాడు నూరుల్లా.

"గా జీపు ఎన్కకు పోతది! నా కొడుకు పెండ్లికి పోయి పెండ్లి పిల్ల ఇంటి ముందట నుంచి ఎన్కకు జారి రావాల్నా?"

"నేను బాగుచేసిన జీపు మీద నా కొడుకునే ఎక్కియ్యకుంటే, రేపు బోధన్‌ల ఎవడు నా దగ్గరికి బండి తెస్తడు? షెడ్డు మూసి నేను గూడ బీడీలు చుట్టాల్నా?"

ఇది కోపంలో అన్న మాట కాదు. నూరుల్లా నిజంగా భయపడ్డాడు. ఆయనకు పొలం లేదు, వేరే పని రాదు. ఉన్నదల్లా ఆయన తీర్పు మీద జనానికున్న నమ్మకం. అది ఆ కట్ట మీద, చుట్టాలందరి ముందు, సొంత కొడుకుతో సహా వెనక్కి జారిపోతే ఇక లేవదు.

ఆ భయంలో ఆయనకొక ఆలోచన వచ్చింది. జీపు షెడ్డులో బాగుండి పెళ్లిలో చెడిపోతోందంటే, పెళ్లిలో ఉన్నదేదో షెడ్డులో లేదన్నమాట. ఆలోచన చాలా మంచిది. ఆ ఉన్నదేమిటో వెతికిన పద్ధతి మాత్రం ఎప్పటిలా ఆయనదే. బ్యాండు మోతకు డబ్బాలో గోలీ అదిరి జారుతోందని తీర్పు చెప్పి, నర్సింలును బతిమాలి, పట్టపగలు బ్యాండు మొత్తాన్ని కాలువ కట్ట దగ్గరికి తీసుకుపోయాడు. పెళ్లికొడుకు కూర్చునే ఎత్తు సీటు మీద బరువు కూడా ఉండాలని తానే ఎక్కి కూర్చున్నాడు.

"దండ లేకుంటే మా పోరగాండ్లకు ఊపు రాదు మేస్త్రీ" అని నర్సింలు బంతిపూల దండ ఒకటి ఆయన మెడలో వేశాడు.

అన్నీ పెళ్లిలో ఉన్నట్టే ఏర్పాటు చేశాడు. ఒక్క బొంత మాత్రం తీసి, మడిచి, కట్ట పక్కన గట్టు మీద పెట్టించాడు. గేరు జారేటప్పుడు కడ్డీ మీద చెయ్యి వేసి అదురు చూడాలంటే బొంత అడ్డమట. పైగా పట్టపగలు పది మంది తిరిగే రోడ్డు, వాజిదా ఎరిగినవాళ్లు ఎవరైనా చూస్తే లేనిపోని గొడవ.

బ్యాండు మోగింది. రాజమల్లు మొహం ముడుచుకుని చిన్న గేరు వేశాడు. నూరుల్లా దండతో, గంభీరంగా, ఒక చెయ్యి కడ్డీ మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు. జీపు కట్ట ఎక్కింది. దింపారు, మళ్లీ ఎక్కింది. నర్సింలు మోత పెంచాడు. జీపు నవ్వుతూ ఎక్కినట్టు ఎక్కింది.

ఎడపల్లిలో చుట్టాలింటికి బస్సులో పోతున్న గంగమణి ఇదంతా చూసింది. అక్కడే దిగి, ఎదురు బస్సు పట్టుకుని బోధన్ వచ్చి పడింది.

"వాజిదక్కా! మీ ఆయన దండేసుకొని, బ్యాండు పెట్టుకొని, రాజమల్లు జీపెక్కి ఎడపల్లి దిక్కు పోతుండు. కొడుకు పెండ్లి ముచ్చట ఏమో గని, ముందుగాల ఆయనదే అయ్యేటట్టుంది!"

వాజిదా బురఖా వేసుకుంటూనే రిక్షా ఎక్కింది, గంగమణి ఆమె పక్కన ఎక్కింది. కట్ట దగ్గరికి వచ్చేసరికి నూరుల్లా ఇంకోసారి పెళ్లికొడుకై ఎక్కుతున్నాడు. వాజిదాను చూసి నర్సింలు వాయించడం ఆపేశాడు. వెనక్కి చూసే అలవాటు లేనివాడికి కూడా ఆమె రాక తెలిసిపోయింది.

"ఎవరు పెండ్లి పిల్ల?" అంది వాజిదా.

నూరుల్లా దండ తీసి రాజమల్లు మెడలో వేసి, జీపు దిగాడు. "పెండ్లి కాదే, బండి పరీక్ష..." అని మొదలుపెట్టాడు. ఆమె వినడం లేదు. ఆమె చూపు గట్టు మీద మడతపెట్టి ఉన్న దాని మీద పడింది. దగ్గరికి పోయి, రెండు చేతులతో ఎత్తి, విప్పి పట్టుకుంది. తండ్రి షేర్వాణీ ముక్క, తల్లి ఓణీ అంచు, అయ్యూబ్ చొక్కా, అన్నీ ఉన్నాయి. వాటి మధ్యలో కత్తెరతో చేసిన చిల్లులు. ఒక చిల్లులోంచి అవతల నిలబడ్డ మొగుడి మొహం కనపడింది.

"చలికి వణుకుతున్న ముసలాయన" అంది నెమ్మదిగా. తర్వాత జీపు వైపు తిరిగింది. "గీ ముసలాయనేనా?"

ఎవరూ నవ్వలేదు. గంగమణి కూడా నవ్వలేదంటే చూడండి.

"మా అబ్బా షేర్వాణీ ఇది. నువ్వు పుణ్యం చేసినవని ఊరంత చెప్పుకున్న. చిల్లులు కోసింది చాలలేదా, గీ పక్క గేరుతోని నమిలిపిచ్చినవ్. చూడు, ఎట్ల తిన్నదో!" అంటూ చిల్లు అంచును ఆయన ముక్కు దగ్గరికి తెచ్చింది.

నూరుల్లా తిట్లు తింటూనే ఆ అంచు చూశాడు. చిల్లుకు మూడు పక్కలా గుడ్డ బాగానే ఉంది. నాలుగో పక్క, చిన్న గేరు పడేటప్పుడు కడ్డీ వచ్చి ఆగే పక్క, పొరలన్నీ నలిగి, నల్లబడి, గట్టి ముద్దలా బిగుసుకుపోయి ఉన్నాయి. కడ్డీ ఆ ముద్దకు తగిలి ఆగిపోతోంది. చేతికి గేరు పడ్డట్టే ఉంటుంది, లోపల మాత్రం సగమే పడుతుంది. చదును మీద సగం గేరు ఎలాగో నెట్టుకొస్తుంది, ఎక్కుడు మీద బరువు పడగానే జారిపోతుంది. షెడ్డులో ప్రతిసారీ ముందు చేసే పని బొంత తియ్యడమే కనక, రోగం తీసి పక్కన పెట్టి, మిగిలిన ఒంటికి వైద్యం చేస్తున్నాడు తాను.

ఆయన గుండె జారింది, గేరు కంటే వేగంగా.

ఇక్కడ ఆయనకో దారి ఉంది. బొంత వాజిదాకు ఇచ్చేసి, బండి బాగైందని చెప్పి, ఇంటికి పోవచ్చు. గేరు మళ్లీ జారదు, ఎందుకు జారలేదో ఎవరికీ తెలియదు, పేరు ఆయనకే దక్కుతుంది. ఆ దారి నూరుల్లాకు బాగానే కనపడింది. అయితే ఆ దారిలో రాజమల్లు కూడా కనపడ్డాడు, మెడలో బంతిపూల దండతో, తన పాదం వైపు చూసుకుంటూ. పకోడీల బండి దగ్గర ఆ మాట పడ్డప్పటి నుంచి రాజమల్లు ఖాళీగా కూర్చున్నప్పుడల్లా అలా తన కాలే చూసుకుంటున్నాడు. నూరుల్లాకు సిగ్గేసింది. పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

"వాజిదా, ఒక్కసారి ఇటియ్యి" అని బొంత తీసుకుని జీపులో పరిచాడు. "రాజమల్లన్నా, ఎక్కియ్యి. బ్యాండు వద్దు."

జీపు సగం ఎక్కుడు ఎక్కింది. ఖట్. గేరు జారింది, జీపు వెనక్కి వచ్చింది. నూరుల్లా బొంత తీసేశాడు. "మళ్ల ఎక్కియ్యి." జీపు పైదాకా ఎక్కింది.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. నూరుల్లాయే చెప్పాడు. "డబ్బాల ఏ రోగం లేదు. మొదటి నుంచి లేదు. నేను పరిచిన బొంతే గేరును పూర్తిగ పడనిస్తలేదు. మంచిగున్న డబ్బాను ఇన్నిసార్లు విప్పిన." రాజమల్లు వైపు తిరిగాడు. "నీ కాలుకేం కాలేదు రాజమల్లన్నా. నా తలకాయకే అయ్యింది. రేపు పకోడీల బండి కాడ గూడ గిదే చెప్త."

రాజమల్లు ఇంజను ఆపి దిగాడు. తర్వాత దండ తీసి జీపు అద్దానికి తగిలించాడు. "రేపెందుకు భాయ్, నడువు, ఇప్పుడే పకోడీలు తిందాం. నువ్వు చెప్పు, నేను వింట" అన్నాడు.

నూరుల్లా చెప్పాడు. జనం నవ్వారు, చాలారోజులు నవ్వారు. బండి తెచ్చిన ప్రతివాడూ ముందు కింద ఏం పరిచాడో చూపించి, "మేస్త్రీ, బొంతేం లేదు, చూస్కో" అనడం మొదలుపెట్టాడు. బండ్లు మాత్రం రావడం ఆగలేదు.

పెళ్లిరోజు అయ్యూబ్ మొహం మీదికి పూల సెహ్రా కట్టుకుని రాజమల్లు జీపే ఎక్కాడు. వాజిదాయే ఎక్కించింది. కాలువ కట్ట దగ్గరికి వచ్చేసరికి మాటలు తగ్గాయి. చుట్టాలు రోడ్డు అంచులకు జరిగారు. నర్సింలు కూడా ఆ రోజు వెనక్కి తిరిగి చూశాడు. జీపు వెనక, కొత్త షేర్వాణీలో, చేతుల్లో పెద్ద రాయి పట్టుకుని నూరుల్లా నడుస్తున్నాడు. వేరే మనిషిని పెడతామంటే ఒప్పుకోలేదు. తాను బాగుచేసిన బండికి తానే రాయి మోస్తానన్నాడు. ఆయన కళ్లు చక్రం మీద, చెవులు డబ్బా మీద ఉన్నాయి, పెదవులు దువా చదువుతున్నాయి.

జీపు ఎక్కింది. చీమ నడకతో, చివరిదాకా. కట్ట మీద రాజమల్లు హారను కొట్టాడు. జీపు వెనక సీట్లోంచి వాజిదా తొంగిచూసి, "ఇగ రాయి పడెయ్యి. కోడలు ఇంటికి రాయి పట్టుకొని వస్తవా?" అంది. అందరూ నవ్వారు, నూరుల్లా కూడా.

నిఖా అయి, కోడల్ని తీసుకుని తిరిగొచ్చేసరికి పొద్దు గూకింది. చెరుకు తోటల మీదుగా చలిగాలి తోలుతోంది. ముందు సీట్లో ఉన్న నూరుల్లాకు, కింద బొంత లేదు కదా, రేకు సందుల్లోంచి కాళ్లకు వేడి, పైన వీపుకు వణుకు. పళ్లు టకటకలాడడం రాజమల్లుకు కూడా వినపడింది. వెనక నుంచి బరువుగా, మెత్తగా ఏదో వచ్చి ఆయన భుజాల మీద పడింది. చిల్లుల చుట్టూ కొత్త దారంతో కుట్టిన బొంత.

"చలికి వణుకుతున్న ముసలాయనకు ఇచ్చినన్నవ్ గద" అంది వాజిదా, ఈసారి గంగమణికి వినపడకుండా. "కప్పుకో. ఇప్పుడు నిజమైంది."